ఆమె కాలేజీ మెయిలు

ఆమె నారపల్లికి ఇల్లు మారిపోయింది కాబట్టి మా స్నేహం తెగిపోయిందని అందరూ అంటారు. దూరమైతే ఎవరికైనా అంతేనట. చదువుకున్నన్నాళ్లు కలిసి తిరుగుతారు, సర్టిఫికెట్లు చేతికొచ్చాక ఎవరి దారి వాళ్లదట. మా క్లాసు వాట్సాప్ గ్రూపులో ఇదే మాట, మా ఆఫీసులో ఇదే మాట, మా ఇంట్లోనూ ఇదే. నారపల్లి ఏమన్నా సముద్రం అవతల ఉందా? ఉప్పల్‌లో బస్సెక్కి కూర్చుంటే కండక్టరు టికెట్లు కొట్టడం పూర్తయ్యేలోపు వచ్చేస్తుంది. స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజున నాచారం నుంచి ఉప్పల్ చేరడానికే అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది. కాబట్టి దూరం కాదు. అసలు కారణం చెప్పడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. అడిగేవాళ్లే లేరు.

ఇంకో మాట కూడా అంటారు, అది నా గురించి. పీజీ అయిపోయి ఇన్నాళ్లయినా యూనివర్సిటీ వాళ్లిచ్చిన మెయిల్ అకౌంటు నేను వదలడం లేదని. ఏడాదికోసారి వాళ్లు "ఇంకా కావాలా?" అని అడుగుతారు, నేను కావాలంటాను. మా అమ్మాయి నవ్వుతుంది.

"మమ్మీ, స్టూడెంట్ డిస్కౌంట్ కోసమా? తలకు రంగేసుకునే వయసుల స్టూడెంట్ ఏంది నువ్వు?"

"నీ ఫీజు కట్టేటోళ్లు డిస్కౌంట్ అడిగితే తప్పా?" అని నోరు మూయించాను. అసలు సంగతి చెప్పలేదు. ఇక్కడ చెప్తాను.

నాచారం పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీ ఆఫీసులో నా ఉద్యోగం. ప్రమోషన్‌కి పీజీ కావాలన్నారు. సరే, మీకు చూపిస్తానని సాయంత్రం క్లాసుల ఎం.కామ్‌లో చేరాను. క్లాసు నిండా నిన్నమొన్న డిగ్రీ అయిన పిల్లలు. మొదటి రోజు నేను లోపలికి వెళ్లగానే సగంమంది లేచి నిలబడ్డారు, పాఠం చెప్పే మేడమ్ అనుకుని. వెనక బెంచీలో ఒకామె మాత్రం లేవలేదు. నా వయసే. పక్కకు జరిగి చోటిచ్చి, "రా కూసో. ఇందాక నన్ను చూసి గూడ గిట్లనే లేసిన్రు. నేను కూసోమని సైగ జేసిన," అంది. అక్కడ మొదలైంది.

ఆమెది ఉప్పల్. నాది నాచారం. క్లాసయ్యాక ఇద్దరం ఒకే బస్సులో ఉప్పల్ దాకా వచ్చి, చౌరస్తా మీద కట్టిన స్కైవాక్ ఎక్కి ఓ చుట్టు తిరిగేవాళ్లం. ఆమె దిగవలసిన మెట్లు వచ్చేవి, దాటేసేది. నా మెట్లు వచ్చేవి, నేనూ దాటేసేదాన్ని. కింద బస్సులు, ఆటోలు, హారన్లు. పైన మేము. ఆమె చాలా తక్కువ మాట్లాడేది. నేను మాట్లాడేదాన్ని. నా సంగతి తెలిసినవాళ్లు ఇందులో ఆశ్చర్యపోరు.

ఆమె భర్త మంచివాడు. ఇది వెటకారం కాదు. పెళ్లయిన ఇన్నేళ్లకు భార్య చదువుకుంటానంటే నెట్ సెంటర్‌కి తీసుకెళ్లి, పక్కన కూర్చుని అప్లికేషన్ ఆయనే నింపాడు. ఆమె చదువుకోడానికి కూర్చుంటే టీవీ సౌండు తగ్గిస్తాడు. నన్ను అక్కా అంటాడు, నేను అన్నా అంటాను. ఇద్దరిలో పెద్దెవరో ఇప్పటికీ తేలలేదు. వానపడితే ఆమెను తీసుకెళ్లడానికి బండి మీద క్యాంపస్ దాకా వచ్చేవాడు. అలా వచ్చిన ఒక సాయంత్రమే నాకు అసలు విషయం తెలిసింది.

అంతకుముందు రోజు నేను ఆమెకు ఫోన్‌లో ఒక మెసేజ్ పెట్టాను. మాకు పాఠం చెప్పే ఒక సారు గడుల చొక్కా మీద జోకు, కొంచెం మోటుది. ఆయన బండి దిగి, హెల్మెట్ తీసి, నవ్వుతూ వచ్చాడు.

"అక్కా, సారు అంగీ మీద మీ జోకు మస్తుగుంది! మా అమ్మ గూడ నవ్వింది."

ఆమె బండి వెనక సీటు తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తోంది.

మర్నాడు స్కైవాక్ మీద నిలదీశాను.

"నీ ఫోన్ ఆయన చూస్తడా?"

"చూసుడు ఏంది? మా ఇంట్ల దాపరికం లేదు. నా మెసేజ్‌లు వార్తల లెక్క. అన్నం తినేటప్పుడు సదువుతడు, అందరు ఇంటరు."

"నీకు కోపం రాదా?"

"కోపమెందుకే? ఆయన ఫోన్ గూడ టేబుల్ మీదనే ఉంటది. నన్ను చూడొద్దని అన్లేదు." కొంచెం దూరం నడిచాక, "గొంతు మార్చి సదువుతడు. నా లెక్క. అందరు మస్తు నవ్వుతరు," అంది.

కొట్టే మొగుడైతే ఏమనాలో నాకు తెలుసు. నేను అనగలను కూడా. కానీ పెళ్లాం మాటల్ని పెళ్లాం గొంతుతో చదివి ఇంటిల్లిపాదినీ నవ్వించేవాణ్ణి ఏమంటారు? ఆ మాటకోసం నేను చాలాకాలం వెతికాను. దొరకలేదు.

కాలేజీ మెయిల్ సంగతి కనిపెట్టింది ఆమే. హాల్లో ఉన్న కంప్యూటర్‌లో అసైన్‌మెంట్ల కోసం అది తెరిచేది. ఒకరోజు నాకు ఆమె నుంచి మెయిల్ వచ్చింది. సబ్జెక్టు: యూనిట్ త్రీ డౌట్. తెరిస్తే ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు.

"ఇవ్వాళ వంకాయ వండిన. నాకు వంకాయ పడదు. పెళ్లయినకాడికెల్లి తింటున్న. ఎవరికీ చెప్పలే, నీకు చెప్తున్న."

అంతే. ఆఫీసులో కూర్చుని అట్టపెట్టెల ఆర్డర్ల మధ్య అది చదివి నేను నవ్వాను. తర్వాత ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో పక్క సీటాయనకు చెప్పలేక, అట్టదుమ్ము కంట్లో పడిందన్నాను.

సబ్జెక్టు దగ్గర ఎప్పుడూ అదే రాసేది. యూనిట్ త్రీ డౌట్. మా సిలబస్‌లో యూనిట్ త్రీ అయిపోయి యూనిట్ ఫైవ్‌కి వచ్చినా ఆమె డౌటు తీరలేదు. ఆయన వెనకనుంచి వెళ్తూ తెరమీద ఆ మాట చూసి, "సదువుకో, సదువుకో" అని టీవీ సౌండు తగ్గించేవాడట. చదువంటే ఆయనకు అంత గౌరవం. చదువుకు సంబంధించింది మాత్రం ఎన్నడూ గట్టిగా చదవలేదు.

ఏం రాసేదని అడుగుతారేమో. పెద్ద రహస్యాలేం లేవు. మల్కాజిగిరిలో ఒక జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పడానికి మనిషి కావాలని గోడమీద చూశానని రాసింది. ఒకరోజు ఆడబిడ్డ ఇంటికి వెళ్తున్నానని చెప్పి, మధ్యలో దిగి, ఆ కాలేజీ గేటు దాకా వెళ్లి చూసి వచ్చానని రాసింది. పిల్లలు అల్లరిగా ఉన్నారట, నల్లబల్ల బాగుందట. తన తండ్రి చనిపోయిన రోజు తాను ఏడవలేదని, అందరూ ఏడుస్తున్నారు కదా అని ఏడ్చినట్టు కొంగు అడ్డం పెట్టుకున్నానని రాసింది. నోటితో ఇన్ని మాటలు ఆమె ఎప్పుడూ నాతో కూడా అనలేదు. స్కైవాక్ మీద నా పక్కన నడిచే మనిషీ, ఆ మెయిల్లో ఉండే మనిషీ ఒకరేనా అనిపించేది. మెయిల్లో ఆమె నాకంటే గట్టిది. నాతో వాదించేది కూడా. "నీది నోరు పెద్దది గని ధైర్యం చిన్నది, ఆఫీసుల ఒక్కనాడన్న మీ మేనేజర్ ముంగట మాట్లాడినవా?" అని రాసింది ఒకసారి. రెండు రోజులు నేను జవాబివ్వలేదు. నిజమే కాబట్టి.

చదువు అయిపోయింది. అయినా మెయిల్ ఆగలేదు. ఎందుకంటే మన యూనివర్సిటీలు మార్కుల మెమో ఇవ్వడానికి ఒక కాలం, అందులో తప్పులు దిద్దడానికి ఇంకో కాలం, అసలు డిగ్రీ ఇవ్వడానికి మరో కాలం తీసుకుంటాయి కదా. అంతకాలం ఆమె కాలేజీ మెయిల్ చూసుకోవలసిందే. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. అనుమానించడానికి ఏమీ లేదు కూడా. ఆఫీసుల ఆలస్యాన్ని తిట్టనిదే నాకు పొద్దుపోదు. ఈ ఒక్క ఆలస్యానికి మాత్రం మనసులో దండం పెట్టుకున్నాను.

చివరికి డిగ్రీలు కూడా వచ్చాయి. వెంటనే యూనివర్సిటీ నుంచి అందరికీ ఒక కబురు. చదువు పూర్తయినవాళ్ల మెయిల్ అకౌంట్లు మూసేస్తున్నాం, ఉంచుకోవాలనుకునేవాళ్లు ఫలానా తేదీలోగా ఇక్కడ నొక్కండి, మీరిచ్చిన మొబైల్ నంబరుకి ఓటీపీ వస్తుంది. నేను నొక్కాను. నా ఫోన్ మోగింది. అంకెలు కొట్టాను. అయిపోయింది. టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

ఆమె దగ్గర్నుంచి మెయిల్. "డౌట్" అని కూడా లేదు, సబ్జెక్టు ఖాళీ.

"నా నంబర్ ఆయనది."

అప్పుడు గుర్తొచ్చింది, అప్లికేషన్ నింపింది ఆయన. ఆమెకు ఫోనుంది, నంబరుంది. కానీ కాగితం మీద రాయవలసి వచ్చినప్పుడు మన ఇళ్లల్లో రాసేది ఆ నంబరు కాదు. గ్యాసుకు ఆయన నంబరు, ఆధార్‌కు ఆయన నంబరు, బ్యాంకులో ఆమె ఖాతాకు ఆయన నంబరు, ఆమె దవాఖానా చీటీకి ఆయన నంబరు. ఎవరో కుట్ర చేసి రాయించింది కాదు. పెన్ను పట్టుకోగానే చెయ్యి దానంతటదే ఆ అంకెలు రాస్తుంది. ఆమెను అడిగినా అదే చెప్పేది. తన నంబరు ఆమెకే సరిగ్గా నోటికి రాదు. నా విషయం వేరు. మా ఆయన నంబరు నాకు ఇప్పటికీ రాదు. ఇందులో నా గొప్పేం లేదు, నాకు ఎవరి నంబరూ రాదు.

ఆ ఓటీపీ ఆయన ఫోన్‌కి వస్తే అదీ అన్నం దగ్గర వార్తే. నంబరు మార్పిద్దాం పదమని ఆమెను యూనివర్సిటీకి తీసుకెళ్లాను. డిగ్రీ కవర్ అక్కడ మర్చిపోయానని ఇంట్లో చెప్పి వచ్చింది. కౌంటర్లో కుర్చీలో ఉన్నాయన తాపీగా విన్నాడు.

"మార్చొచ్చు మేడం. పాత నంబరుకు ఓటీపీ పోతది, అది చెప్పుండ్రి."

"పాతది వద్దనే గదా మార్చుమంటున్నం?" అన్నాను నేను.

"పాతది పోయిందా మేడం?"

"పోలే. వాళ్లాయనది."

"ఉంది గదా మరి! సారుకు ఫోన్ కొట్టుండ్రి. ఒక్క నిమిషం పని."

"పరీక్ష రాసింది సారా, ఈమెనా? ఈమె ఇక్కడ నిలబడ్డది. ఈమె మొకం ఉంది, హాల్ టికెట్ ఫోటో ఉంది, డిగ్రీ ఉంది. ఇవన్నీ కాదని ఇంట్ల కూసున్న ఫోన్‌ను నమ్ముతరా మీరు?"

"నా మీద ఎందుకు లేస్తరు మేడం? సిస్టం గట్లుంది. నాదైతే నేను ఇప్పుడే జేస్త." పాపం, ఆయన నిజంగానే బాధపడ్డాడు. "సారు మంచోడు కాదా?" అని మెల్లగా అడిగాడు.

"మంచోడే," అంది ఆమె నాకంటే ముందే. నా మోచెయ్యి పట్టుకుంది. "వదిలెయ్యే. పోదాం పా."

బయట క్యాంటీన్ దగ్గర అరుగు మీద కూర్చున్నాం. నా బుర్ర ఊరుకోదు కదా.

"ఇంత ఫికర్ ఎందుకే? నా ఫోన్ల ఇప్పుడే నీకు కొత్త మెయిల్ తెరుస్త. నా నంబరే ఇస్త. ఇంట్ల ఎవరికి తెల్వది."

దానికి ఆమె అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"అది దాసుకున్నట్లైతది."

"దాసుకుంటే ఏమైతది?"

"ఆయనకు దాసిపెట్టిన వస్తువు నా దగ్గర ఇప్పటిదాంక ఒక్కటి లేదు. గిది దాసింది కాదే. కాలేజోళ్లు ఇచ్చిన్రు. నా పేరు రాసి ఇచ్చిన్రు. హాల్ల కూసొని అందరి ముంగట తెరుస్తున్న. హాల్ టికెట్ లెక్క గిది నాది. దొంగతనంగ తెరిచేదైతే నాకెందుకు? గప్పుడు నేను గూడ వేరేదాన్ని అయిత."

నేను వాదించాను. నా జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ వాదించలేదు. హక్కులన్నాను, ఆత్మగౌరవమన్నాను, వంకాయను కూడా మధ్యలోకి లాగాను. ఆమె విని, నవ్వి, "నువ్వు గెలిచినవ్ పో," అంది. గెలిచానని తెలిసినా నా చేతికి ఏమీ రాలేదు.

గడువు దగ్గరపడింది. చివరి రోజుకు ముందు సాయంత్రం ఆమె మెయిల్ వచ్చింది. యూనిట్ త్రీ డౌట్.

"రేపు పొద్దున నొక్కుత. ఆయన తానానికి పోయేటప్పుడు ఫోన్ ఫ్రిజ్ మీద పెడతడు. మోగుతది, అత్తమ్మ హాల్ల ఉంటది. అయినా ఫర్వాలేదు. దాయను. అడిగితే చెప్త, నా మెయిల్ నాకు ఉండాలని నొక్కిన అని. గీ ఒక్క మాట అనడానికి పొద్దటికెల్లి అద్దం ముంగట ప్రాక్టీస్ జేస్తున్న. నవ్వకు."

నేను నవ్వలేదు.

మర్నాడు పొద్దున ఆఫీసులో కంప్యూటర్ ఆన్ చేసి ఆ మెయిల్ పేజీ తెరిచి పెట్టుకున్నాను. లారీలోకి లోడు ఎక్కిస్తున్నారు, బిల్లు కావాలని ఎవరో వచ్చి నిలబడ్డారు. నేను పేజీని మళ్లీ మళ్లీ తెరుస్తూనే ఉన్నాను. మధ్యాహ్నమైంది. "ఏమైందే?" అని రాశాను. జవాబు లేదు, నా మెయిల్ వెనక్కి కూడా రాలేదు. అంటే అకౌంటు ఇంకా ఉంది. మరునాడు మళ్లీ రాశాను. ఈసారి వెంటనే వెనక్కి వచ్చింది. ఈ చిరునామా దొరకలేదు, సరిచూసుకోండి అని. సరిచూసుకున్నాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసుకున్నాను.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారు. చేశాను. "బాగున్నవా? తిన్నవా?" అంది. వెనకనుంచి ఆయన గొంతు, "అక్కనా? స్పీకర్ల పెట్టు, నేను గూడ మాట్లాడుత." స్పీకర్‌లో పెట్టింది. ముగ్గురం వానల గురించి మాట్లాడుకున్నాం. తర్వాత నారపల్లిలో వాళ్లు కట్టుకుంటున్న ఇల్లు పూర్తయింది, వెళ్లిపోయారు. గృహప్రవేశానికి పిలిచారు, వెళ్లాను. ఇల్లంతా తిప్పి చూపించింది ఆయనే. మంచి ఇల్లు, గాలి బాగా వస్తుంది. హాల్లో ఆ కంప్యూటర్ కనబడలేదు. పాతదైంది, తీసేశామన్నారు. ఆమె వచ్చినవాళ్లందరికీ బొట్టు పెడుతోంది. నాకూ పెట్టింది. ఎంత మంది ఉన్నారంటే, బొట్టు పెట్టేటప్పుడు తప్ప ఆమె ముఖం నా ముఖానికి దగ్గరగా రాలేదు. అప్పుడు కూడా ఆమె నా నుదురునే చూసింది.

ఆ తర్వాత ఒకే ఒక్కసారి కలిశాం. ఉప్పల్ మార్కెట్‌లో, కూరగాయల దగ్గర. ఆయన సంచీ పట్టుకుని ఉన్నాడు. ఆమె నన్ను చూసింది.

"బాగున్నరా మేడం?"

క్లాసులో అంతమంది లేచి నిలబడ్డప్పుడు లేవని మనిషి. "ఏందే", "పోవే" తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి. నాకు మాట రాలేదు. నాకు! ఆయనే మాట్లాడాడు.

"ఏందక్కా, మీరిద్దరు ముందట్ల లెక్క లేరు? కాలేజ్ మెయిల్ల మస్తు రాసుకుంటుంటిరి గదా."

"మీకెట్ల తెలుసు అన్నా?"

"తెల్వకేంది? సదువు అయిపాయె, ఇగ అదెందుకని ఈమెనే బంద్ జేసుకుంది. నేనన్న, ఉండనియ్ పిచ్చిదానా, ఏమన్న బరువైతుందా అని. ఇనలే." ఆయన నవ్వాడు. కల్మషం లేని నవ్వు; అదే నన్ను చంపుతుంది. "ఫోన్ జెయ్యుండ్రి అక్కా. నా నంబర్ ఉంది గదా మీ దగ్గర."

నేను ఆమె వైపు చూశాను. ఔనని గానీ కాదని గానీ అంటుందేమోనని. ఆమె వంకాయలు ఏరుతోంది. లేతవి చూసి, తొడిమలు తిప్పి చూసి, ఒక్కొక్కటే తక్కెడలో వేస్తోంది.

అందుకే నా అకౌంటు వదలను. మా అమ్మాయికి, ఆఫీసువాళ్లకు, క్లాసు గ్రూపుకు చెప్పనిది ఇదే. ఆమెకు తన నంబరు నోటికి రాదు కానీ నా మెయిల్ చిరునామా వచ్చు. ఎప్పుడో, ఎక్కడో, ఎవరి కంప్యూటర్ ముందైనా కూర్చున్నప్పుడు ఆమె వేళ్లకు అది గుర్తొస్తే, తలుపు మూసి ఉండకూడదు. వెనక్కి వచ్చిన మెయిల్ చూడడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆమెకు ఆ గతి పట్టకూడదు. ఏడాదికోసారి ఓటీపీ వస్తుంది, నా ఫోన్ మోగుతుంది, అంకెలు కొడతాను. ఆ మోత విన్నప్పుడల్లా వాళ్ల పాతింటి ఫ్రిజ్ గుర్తొస్తుంది.

ఆయన చెప్పింది అబద్ధమని నేను అనలేను. అబద్ధాలాడే మనిషి కాదు. ఆమె రాసింది అబద్ధమని అంతకన్నా అనలేను. అద్దం ముందు ప్రాక్టీస్ చేసిన మాట ఏమైంది మరి? ఆ ఓటీపీని ఆయన చదివి నవ్వించడానికి ముందే అకౌంటును తన చేత్తో తానే ఆర్పేసిందా, లేక అందరూ నవ్వాక ఆర్పేసిందా? నాకు తెలియవలసింది చాలా చిన్న విషయం. యూనిట్ త్రీలో నాకు మిగిలిపోయిన ఒక్క డౌటు.

ఆ పొద్దున ఫ్రిజ్ మీద ఫోన్ మోగిందా?